యాభై ఇళ్ల ఫోను

ఒకటో తారీఖున ఇంకా కళ్లాపి కూడా చల్లకముందే కర్లపాలెం వీధుల్లో పిలుపు వినపడేది. "మామ్మా, లేచావా? వేలు పెట్టు." నాట్లకీ కలుపుకీ అరిగిపోయిన ఆ వేళ్లని మిషను ఓ పట్టాన ఒప్పుకునేది కాదు. కొంగుతో తుడిపించి, బొటనవేలు కాదంటే చూపుడువేలు పెట్టించి, ఎలాగో ముద్ర పడిందనిపించి, పింఛను నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టి పక్కింటికి పోయేవాడు వాలంటీరు. 2020 ఫిబ్రవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతా ఇదే వరస.

ఆ కొలువు పుట్టింది 2019 ఆగస్టు 15న. ఊళ్లో 50 ఇళ్లకు ఒకరు. పల్లెలో ఇంటర్, పట్టణంలో డిగ్రీ చదివుంటే చాలు. నెలకు 5 వేల రూపాయలు. ప్రభుత్వమే ఒక ఫోను, వేలిముద్ర మిషను ఇచ్చింది. ఎవరింట్లో ఎందరున్నారు, ఆధార్ ఎవరిది ఏది, ఏ పథకం ఎవరికి వస్తోంది, ఎవరికి ఆగింది, అన్నీ ఆ ఫోను చెప్పేది. 1984లో ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు గారు ఊరి లెక్కలు రాసే కరణాల వ్యవస్థను తీసేసినప్పుడు ఊరి గుట్టంతా ఒకడి చంకలో ఉండకూడదన్నారు. ముప్పై అయిదేళ్లకు అదే గుట్టు ఇరవై ఏళ్ల కుర్రాళ్ల జేబుల్లోకి వచ్చి చేరింది.

మంచి రోజులూ ఉన్నాయి, కాదనలేం. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు విదేశాల నుంచి దిగినవాళ్ల ఆచూకీ తీసింది వీళ్లే. జ్వరం ఉందా, దగ్గు ఉందా అని గడపగడపకీ తిరిగిందీ వీళ్లే. జనం తలుపులు బిగించుకున్న రోజుల్లో ఆ 5 వేలకు ప్రాణాలొడ్డారు.

కానీ ఆ ఫోను దేనికి వాడొచ్చు, దేనికి వాడకూడదు? సర్కారు ఉద్యోగికైతే 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది; గీత దాటితే సస్పెన్షన్ ఉంది. వాలంటీరు ఉద్యోగి కాదు. 2021 ఫిబ్రవరిలో జీతం పెంచమని వాళ్లు రోడ్డెక్కితే, ఇది ఉద్యోగం కాదు, సేవ అని ముఖ్యమంత్రి జగన్ లేఖ రాశారు. ఆ ఉగాదికి సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర అని బిరుదులిచ్చి శాలువాలు కప్పారు. శాలువా కప్పడం తేలిక. నియమం రాసి చేతికివ్వడానికే ఎవరికీ తీరిక లేకపోయింది.

యాభై ఇళ్లకూ కలిపి వాట్సాప్ గ్రూపు ఒకటి. పింఛను కబురు అందులోనే, రేషను బండి వేళ అందులోనే. దాని వెనకే పార్టీ కబుర్లూ వచ్చాయని ప్రతిపక్షాలు గోల పెట్టాయి. 2021 మునిసిపల్ ఎన్నికలప్పుడే రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ వార్డు వాలంటీర్ల ఫోన్లు తీసుకోమన్నారు. ఆ ఉత్తర్వు హైకోర్టులో నిలవలేదు. అప్పుడే ఓ గీత గీసుకుని ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేదేమో. 2023 జూలైలో ఏలూరులో జనసేన నేత పవన్ కల్యాణ్ జనం వివరాలు ఎటు పోతున్నాయని నిలదీస్తే, రాష్ట్రమంతా వాలంటీర్లు ఆయనకు వ్యతిరేకంగా ఊరేగింపులు తీశారు. 2024 ఫిబ్రవరిలో ఫిరంగిపురం సభలో జగన్ వాళ్లని తన సైన్యమన్నారు. ఎన్నికల ముందు ఆ మాట ఎవరి చెవిన ఎలా పడుతుందో ఆయనకు తెలియదా?

అదే నిమ్మగడ్డ ఈసారి సిటిజన్స్ ఫర్ డెమోక్రసీ అనే సంస్థ తరఫున ఫిర్యాదు చేశారు. 2024 మార్చి 30న కేంద్ర ఎన్నికల సంఘం ఆదేశం వచ్చింది: వాలంటీర్లు డబ్బు పంచరాదు, ఫోన్లు, ట్యాబులు జిల్లా ఎన్నికల అధికారికి అప్పజెప్పాలి. ఏప్రిల్ ఎండలో ముసలివాళ్లు పింఛను కోసం గ్రామ, వార్డు సచివాలయాల ముందు బారులు తీరారు. కొందరిని మంచాల మీద మోసుకొచ్చారు. ఆ పాపం నీదంటే నీదని పార్టీలు దుమ్మెత్తిపోసుకున్నాయి. ఆ నెలలోనే 60 వేలమందికి పైగా వాలంటీర్లు రాజీనామా చేశారు. ఉగాదినాడు ప్రతిపక్ష నేత చంద్రబాబు, తాము వస్తే వాలంటీర్లకు నెలకు 10 వేలిస్తామన్నారు.

జూన్ 4న ఫలితాలు వచ్చాయి, ప్రభుత్వం మారింది. మాతో బలవంతంగా రాజీనామా చేయించారని పోలీస్‌స్టేషన్ల మెట్లెక్కారు కొందరు. జూలై 1న పెంచిన 4 వేల పింఛను, బకాయి 3 వేలు కలిపి 7 వేలు సచివాలయ సిబ్బందే ఇంటింటికీ ఇచ్చారు. వాలంటీరు లేకుండానే పని జరిగిపోయింది. ఆగస్టులో ఆ వాట్సాప్ గ్రూపులను చెరిపేయమని ఉత్తర్వు వచ్చింది. నవంబరులో మంత్రి డోలా బాలవీరాంజనేయస్వామి శాసనమండలిలో లెక్క చెప్పారు: 2023 ఆగస్టు తర్వాత వాళ్లను కొనసాగిస్తూ జీవోయే లేదు, కాగితం మీద వాలంటీర్లే లేరు. లేని మనుషుల దగ్గర్నుంచి మార్చిలో ఫోన్లెలా తీసుకున్నారో ఆయన చెప్పలేదు. 2.6 లక్షల మందిలో పది వేల మాట నమ్మినవాళ్లు ఆ తర్వాతా ధర్నాలు చేశారు.