వెనక సీటుకు తలుపు లేని కారు

జనగామలో మా అత్తవారింటి పెరట్లో, రేకుల షెడ్డు కింద ఒక కారుంది. స్టాండర్డ్ హెరాల్డ్. 1967లో రిజిస్టరయిన బండి. మా మామయ్య 1974లో సికింద్రాబాదులో ఒక డాక్టరు దగ్గర కొన్నారు. ఆయన పోయి ఆరేళ్లయింది. కారు ఉంచాలా, అమ్మాలా అన్న తగువు మా ఇంట్లో దసరాకొకసారి, సంక్రాంతికొకసారి తప్పకుండా లేస్తుంది. మానుకోట నుంచి వచ్చే మా ఆడబిడ్డ "తూకానికి అమ్మేయుండ్రి వదినా, షెడ్డుల పాములు చేరుతున్నయ్" అంటుంది. భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగం చేసే మా మరిది "ఇంకో పదేండ్లు ఆగితే అది బంగారం" అంటాడు. మావారు ఇద్దరి మాటా విని పేపరు చదువుకుంటారు.

ఆ బంగారం సంగతేమిటో చూద్దామని నేనే కాస్త చరిత్ర తిరగేశాను.

మా మరిది దాన్ని ఎప్పుడూ 'కూపే' అంటాడు. నాకు కూపే అంటే రైలే గుర్తొస్తుంది. ఫస్టు క్లాసులో ఇద్దరికి మాత్రమే చోటుండే గది; కొత్తగా పెళ్లయినవాళ్లకి దొరికితే మహా అదృష్టం. చూడబోతే రెండూ ఒకే మాట. పూర్వం ఫ్రాన్సులో గుర్రబ్బండిలో ఎదురెదురుగా రెండు సీట్లుండేవి. ముందు సీటు తీసేసి, ఇద్దరు మాత్రం ముందుకు చూస్తూ కూచునేలా పొట్టి చేసిన బండిని కూపే అన్నారు. అంటే కోసినది. రైలుపెట్టె చివర ఒకవైపే సీటున్న సగం గదికీ ఆ పేరే వచ్చింది. తర్వాత మోటారుకార్లకు అంటుకుంది.

నిక్కచ్చిగా చెప్పాలంటే మాది కూపే కాదు. 1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ పుట్టినప్పుడు కూపే, మామూలు కారు రెండూ వచ్చాయి. రూపం దిద్దినవాడు మికెలొట్టి అనే ఇటలీ ఆయన. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు చేసింది రెండు తలుపుల మామూలు కారే. అయినా కూపే గుణం ఎక్కడికి పోతుంది? మర్యాదంతా ముందు కూచున్నవాళ్లకే.

అందం మాత్రం అందమే. బానెట్టు ఎత్తితే మడ్‌గార్డులూ దీపాలతో సహా మొసలి నోరులా ముందుకు తెరుచుకుంటుంది. ఇరుకు సందులో కూడా చటుక్కున తిరుగుతుంది. కానీ వెనక సీటుకి తలుపు లేదు. ముందు సీటు వంచి, కొంగు బొడ్లో దోపుకుని, తల దించి, ఒక్కొక్క కాలే లోపలికి పెట్టుకుంటూ దూరాలి. మా ఆడబిడ్డ కడుపులో ఉన్నప్పుడు మా అత్తమ్మ అలాగే వంగి ఎక్కి వరంగల్ ఆసుపత్రికి పోయిందట. ముందు సీట్లో మామయ్య, పక్కన ఆయన చిన్నాయన. పెద్దవాళ్లు ముందు, ఆడవాళ్లు, పిల్లలు, పచ్చళ్ల జాడీలు వెనక. అందులోంచి దిగాలన్నా ముందున్న పెద్దమనిషి దిగి దారివ్వాలి!

ఇది మా ఒక్క ఇంటి బాధ కాదనుకుంటాను. ఎందుకంటే 1960ల చివర్లో మద్రాసువాళ్లే హెరాల్డుకి నాలుగు తలుపులు పెట్టారు. ఇంగ్లండులో ఆ ముచ్చట లేదు, మన దేశంలోనే. ఆ మార్పు వెనక ఎందరు అత్తమ్మల నడుంనొప్పి ఉందో ఏ కంపెనీ చరిత్రలోనూ రాయరు. 1970ల మొదట్లో హెరాల్డు ఆగిపోయి, కొన్నాళ్లు గెజెల్ అని వచ్చింది. తర్వాత చాలాకాలం మనకి కారంటే అంబాసిడర్, లేకపోతే ఫియట్. 1983 డిసెంబర్లో మారుతి వచ్చాకగానీ ఆ లెక్క మారలేదు.

మరి పాత కారు ఎప్పుడు అపురూపమవుతుంది? హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో పచ్చటి రోల్స్‌రాయిస్ చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పురమాయించింది. 1911లో ఆయన పోయారు. 1912 నాటి ఆ బండి కొడుకు ఉస్మాన్ అలీఖాన్ చేతికి వచ్చింది. లోపల సింహాసనంలాంటి సీటు. దశాబ్దాల పాటు సంస్థానంలో ఉన్నా అది తిరిగింది కొన్ని వందల మైళ్లే. తిరగలేదు కాబట్టి మిగిలింది. మన హెరాల్డులు పెళ్లిళ్లకి, పురుళ్లకి, కోర్టు వాయిదాలకి తిరిగి తిరిగి అరిగిపోయాయి.

మాది మిగలడానికి కారణం వేరు. 1980ల్లో ఎవరో మామయ్యకి "ఇంజను తీసి డీజిలు ఇంజను పెట్టించు వకీలు సాబ్" అని సలహా చెప్పారట. ఆయన సరేనన్నారు గానీ, చేతిలో డబ్బు లేక కుదరలేదు. ఆ లేమే ఇప్పుడు ఆస్తి అయింది. ఎలాగంటారా?

2021లో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాలకి రూల్సు పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలోనే ఉండాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరు పలకమీద 'వీఏ' అని వస్తుంది. ఇంజను మార్చి ఉంటే మాకు ఆ వరస దక్కేదా! అయితే ఇందులో మెలిక ఒకటుంది. ఆ నంబరు వచ్చాక ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, రిపేరుకి తప్ప మామూలుగా రోడ్డెక్కకూడదు. అంటే కూరలకి పోకూడదు, గుడికి పోకూడదు. దేవుడి పల్లకీలాగా ఏడాదికోసారి ఊరేగింపన్నమాట.

పైగా ఖర్చు. పాత రబ్బరు గొట్టాలకి ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలు పడదు, అవన్నీ మార్చాలి. వైర్లు ఎలుకలు తిన్నాయి. టైర్లు నేలకి అతుక్కున్నాయి. రంగు మాట ఎత్తితే మెకానిక్కు నవ్వాడు. లెక్కలు వేసుకుంటే, రేపు అది ఎంతకి అమ్ముడైనా ఈలోపు మేం పెట్టేది తిరిగి వస్తుందన్న నమ్మకం నాకైతే లేదు. మా మరిదికి చెప్పాను. అతను తన 1996 మారుతి 800ని కూడా దాస్తానంటున్నాడు. దానికి యాభై నిండేసరికి 2046 అవుతుంది! "ఊరినిండా ఉన్న బండిని దాచి ఏం లాభం?" అన్నాను. "ఒకప్పుడు హెరాల్డులు లేవా వదినా? ఏవీ ఇప్పుడు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మొన్న దసరాకి అందరం కూడినప్పుడు తేల్చేద్దామన్నారు మావారు. అమ్మాలన్నా, కొత్త నంబరు తీసుకోవాలన్నా ముందు కాయితాలు అత్తమ్మ పేరు మీదికి మారాలి. సంతకం ఆమెదే కావాలి. ఆడబిడ్డ ఒకవైపు, మరిది ఒకవైపు చెవిలో ఊదుతుంటే, ఆమె బియ్యం చెరుగుతూ అంతా విన్నది.

"మీ నాయన ఉన్నన్ని రోజులు నేను ఎనకనే కూసున్న. ముందు సీట్ల కూసుంటే తొవ్వ ఎట్ల కనబడ్తదో నాకు ఎర్కనే లేదు. ఒక్కసారి నన్ను ముందు కూసుండబెట్టి మానుకోట దాక తీసుకపోయి తీసుకరాండ్రి. అప్పుడు ఏ కాయితం మీద పెట్టమంటే ఆ కాయితం మీద పెడ్త."

మానుకోట దాకా సంగతి తర్వాత, ముందు షెడ్డు దాటాలి. హనుమకొండలో బ్యాటరీకి చెప్పాం. టైర్లు మా మరిది చూస్తానన్నాడు. పాముల మాట ఎత్తిన మా ఆడబిడ్డే నిన్న ఫోనుచేసి, అమ్మ వచ్చేరోజు ముందుగా చెప్పమంది, వంట చేయాలట.