రెట్రో ముస్తాబు: ఆ ముఖాలు ఎవరి చేతుల్లో తయారయ్యాయి?

వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు ఉగాది ఫంక్షన్ అంటే ఒక థీమ్ ఉండాల్సిందే. ఈసారి మా బ్లాక్‌కి ‘రెట్రో’ వచ్చింది. పిల్లలు ఫోన్‌లో వెతికితే ముందు వచ్చినవన్నీ అమెరికా బొమ్మలే: ఎర్రటి లిప్‌స్టిక్, రెక్కలా పైకి లేచిన ఐలైనర్, నుదుటి మీద చుట్టలుగా నిలబెట్టిన జుట్టు. దీన్నే పిన్-అప్ లుక్ అంటారు. ఇది చేసుకోవాలా, మన సావిత్రి గారిలా తయారవ్వాలా అని ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఆ చర్చ కోసం మేము పోగుచేసుకున్న చరిత్ర ఇది.

రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులు తారల ఫొటోలను బ్యారక్ గోడలకు పిన్నులతో గుచ్చుకునేవాళ్ళు. పిన్-అప్ అన్న మాట అలా స్థిరపడింది. 1943 నాటి బెట్టీ గ్రేబుల్ ఫొటో వాటిలో బాగా పేరు పొందింది. జుట్టు చుట్టలకు విక్టరీ రోల్స్ అని పేరు. ఇదంతా మనకు పూర్తిగా పరాయిదేమీ కాదు. బెంగళూరులో 1809 నుంచీ కంటోన్మెంట్ ఉంది. మన వైట్‌ఫీల్డ్ కూడా 1882లో ఆంగ్లో-ఇండియన్ల కోసం మొదలైన ఊరే. ఇన్నర్ సర్కిల్ వైపు వెళ్తే ఆనాటి గుర్తులు ఇంకా కనిపిస్తాయి.

తెలుగు తెర కథలోనూ ఒక ఆంగ్లో-ఇండియన్ ఉన్నారు. ‘పాతాళ భైరవి’ (1951), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957) సినిమాల ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. మనం ‘సావిత్రి ముఖం’ అని గుర్తుపెట్టుకున్న ఆ మెత్తటి వెలుగులో ఆయన దీపాల పని చాలా ఉంది. ‘మాయాబజార్’లో సావిత్రి శశిరేఖా అవుతుంది, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడూ అవుతుంది. ముస్తాబు అదే, నడక మాత్రం మారుతుంది. అక్కడే మనిషి వేరని మనకు తెలిసిపోతుంది.

ఇక పూత సంగతి. మాక్స్ ఫ్యాక్టర్ కంపెనీ 1930ల చివర్లో, రంగుల సినిమాల కోసం, తడి స్పాంజితో రాసే పాన్‌కేక్ తెచ్చింది. మద్రాసు స్టూడియోల్లో అది మామూలు మాట అయిపోయింది. సికింద్రాబాద్‌లో పుట్టిన తమిళ రచయిత అశోకమిత్రన్ జెమినీ స్టూడియోలో పనిచేశారు. అక్కడి జ్ఞాపకాల్లో మేకప్ విభాగం గురించి కూడా రాశారు. దానికి మొదట ఒక బెంగాలీ పెద్ద, తర్వాత ఒక మహారాష్ట్రుడు. కింద పనిచేసేవాళ్ళలో ఒక ధార్వాడ కన్నడిగుడు, ఒక ఆంధ్రుడు, ఒక మద్రాసు క్రైస్తవుడు, ఒక ఆంగ్లో-బర్మీస్, ఇంకా తమిళులు. కన్నడ మీడియంలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడే మాలాంటి వాళ్ళకు ఈ వరస చదివితే మన బ్లాక్ మెట్ల మీద నిలబడినట్టే ఉంటుంది. ధార్వాడ ఆయన, ఆంధ్రా ఆయన పక్కపక్కనే నిలబడి తారల ముఖాలు దిద్దారన్నమాట.

ఆయనే ఇంకో మాట కూడా చెప్పారు. ఆ వేడి దీపాల కింద పూసిన మేకప్‌ను నేరుగా చూస్తే ఎర్రగా, భయపెట్టేలా ఉండేదట. మాకు బాగా పనికొచ్చింది ఈ ముక్కే. ఎందుకంటే చామనఛాయలో ఉన్న మా ఇంటి అమ్మాయికి, “రెట్రో కావాలంటే రెండు షేడ్లు తెల్లటి ఫౌండేషన్ వేయాలి” అని ఒక సలహా వచ్చింది. పిల్ల ముఖం చిన్నబోయింది. టెస్టింగ్ ఉద్యోగంలో మేము ముందు అడిగేది ఒకటే: ఇది ఏ సిస్టమ్ కోసం తయారైంది? ఆ పూత దీపాల కోసం, ఫిల్ము కోసం తయారైంది. క్లబ్‌హౌస్ ట్యూబ్‌లైట్ కోసం కాదు. తెల్లదనం మీద మోజు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది, కాదనం. కానీ దాన్ని రెట్రో పేరుతో పిల్ల ముఖానికి పులమక్కర్లేదు.

మరి ఏం తీసుకోవాలి? కళ్ళు, జుట్టు. పై రెప్ప అంచున సన్నగా గీత మొదలుపెట్టి, బయటి కొసకు వచ్చేసరికి లావు చేసి, కొంచెం పైకి లాగి ఆపాలి. కనుబొమలు నిండుగా దిద్దాలి. నుదుటి దగ్గర రెండు పాయలు తీసి వేలికి చుట్టి, పిన్నుతో కాసేపు అలా ఉంచితే ముంగురులు ఉంగరాలు తిరుగుతాయి. వెనక సవరం కలిపి జడ గానీ కొప్పు గానీ, మీద మల్లెపూలు. మా వీధిలో సవరాన్ని చౌరి అంటారు, కాటుకను కాడిగె అంటారు, కొప్పును తురుబు అంటారు. పాత తెలుగులో కొప్పుకు ‘తురుము’ అన్న మాట ఉంది చూడండి, రెండూ అక్కచెల్లెళ్ళే.

తారల్లోనూ ఈ చుట్టరికం ఉంది. జమున గారు పుట్టింది హంపిలో. బెంగళూరులో పుట్టిన బి. సరోజాదేవి గారు 1955లో కన్నడ ‘మహాకవి కాళిదాస’తో వెలుగులోకి వచ్చి, 1957 నాటి ‘పాండురంగ మహాత్మ్యం’తో మన తెరకూ వచ్చారు. 2018లో ‘మహానటి’ వచ్చాక సావిత్రి ముస్తాబు కొత్త తరానికి మళ్ళీ తెలిసింది. ఆ సినిమా దుస్తులకు జాతీయ అవార్డు కూడా వచ్చింది.

చివరికి మా అమ్మాయి తన రంగు పౌడరే వేసుకుని, కాటుక తోక తీసి, అమ్మమ్మ సవరంతో జడ వేసుకుంది. ఎర్ర లిప్‌స్టిక్ మాత్రం పిన్-అప్ నుంచి అప్పు తెచ్చుకుంది.

మీ ఇళ్ళల్లో 1950, 60ల నాటి స్టూడియో ఫొటోలు ఉంటే తీయండి. ఎవరు జడ వేశారో, కాటుక ఎలా కాచారో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి వెనక రాసిపెట్టండి. తారల పేర్లు సినిమా దాస్తుంది. దువ్వెన పట్టిన చేతుల పేర్లు మనమే దాచుకోవాలి.