ప్రతినాయకుడే కథానాయకుడైతే... పిల్లలు చదవవచ్చునా?



మన పిల్లలలో చాలామంది బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదువుకుంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. సరదాకు చేతబట్టే పుస్తకం మాత్రం తరచు ఇంగ్లీషుదే. అందులోనూ సూపర్‌హీరోల కామిక్స్‌ది పెద్దపీట. ఆ కామిక్స్‌లో ఒక రకం ఇంటికి వచ్చినప్పుడు పెద్దలకు సందేహం కలుగుతుంది. అట్ట మీద కనిపించేది ఊరిని కాపాడేవాడు కాదు, ఊరిని దోచుకునేవాడు. కథంతా వాడి వెంటే నడుస్తుంది. మన అలంకారశాస్త్రం ప్రతినాయకుడని పిలిచిన పాత్రే అక్కడ నాయకుడు. ఇటువంటి పుస్తకాన్ని పిల్లల చేతికి ఇవ్వవచ్చునా?

మనలో చాలామంది దగ్గర దీనికి సిద్ధంగా ఒక జవాబు ఉంటుంది. "చివర్లో దుర్మార్గుడికి శిక్ష పడిందా? పడితే ఫరవాలేదు, పడకపోతే వద్దు." వినడానికి న్యాయంగానే ఉంది. అయితే అమెరికాలోని కామిక్స్ పరిశ్రమ సరిగ్గా ఈ జవాబునే నియమంగా పెట్టుకొని దశాబ్దాల పాటు నడిచింది. దాని ఫలితమేమిటో చరిత్ర చెబుతుంది. ఆ చరిత్రను కొంచెం ఓపికతో చూడండి.

1954 నాటి నియమావళి

రెండవ ప్రపంచయుద్ధం తరువాత అమెరికాలో నేరకథల కామిక్స్, భయానక కథల కామిక్స్ విరివిగా అమ్ముడుపోయాయి. న్యూయార్క్ నగరంలోని హార్లెమ్ ప్రాంతంలో పేదలకు చికిత్స చేస్తుండిన ఫ్రెడరిక్ వెర్థామ్ అనే మానసిక వైద్యుడు, తన వద్దకు వచ్చిన పిల్లల మాటలనే ఆధారంగా చూపి, బాలనేరాలకు కామిక్స్ దోహదం చేస్తున్నాయని వాదించాడు. "సెడక్షన్ ఆఫ్ ది ఇన్నొసెంట్" అనే ఆయన పుస్తకం 1954లో వెలువడింది. అదే ఏడాది ఏప్రిల్, జూన్ నెలలలో సెనేట్ ఉపసంఘం ఒకటి ఈ విషయమై విచారణ జరిపింది. ప్రభుత్వమే కలగజేసుకుంటుందేమోనన్న భయంతో ప్రచురణకర్తలు సంఘంగా ఏర్పడి, అక్టోబరులో తమకు తామే ఒక నియమావళిని విధించుకొన్నారు. అదే కామిక్స్ కోడ్. అట్ట మీద దాని ముద్ర లేని పుస్తకాన్ని పంపిణీదారులు సాధారణంగా తీసుకొనేవారు కారు.

అందులోని నియమాలలో మనకు కావలసినవి రెండు. ప్రతి కథలోనూ మంచి గెలవాలి, నేరస్థుడికి శిక్ష పడాలి. నేరస్థుడిపై సానుభూతి కలిగేటట్లు నేరాన్ని చిత్రించరాదు. 1971లో ఈ రెండవ నియమాన్ని కొంత సడలించారు. మొదటిది అలాగే నిలిచింది.

వెర్థామ్ దురుద్దేశం కలవాడేమీ కాడు. నల్లజాతి పిల్లలను వేరు బడులలో ఉంచడం వారి మనసులకు హాని చేస్తుందని న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పినవాడు ఆయనే. కాని ఆయన దాచిపెట్టిన కాగితాలను తరువాతి కాలంలో పరిశీలించిన గ్రంథాలయశాస్త్ర పరిశోధకురాలు క్యారల్ టిల్లీ, ఆయన పిల్లల మాటలను మార్చి, కలిపి, కొంత వదిలి రాశాడని 2012లో నిరూపించారు. పిల్లల మేలు కోరడం వేరు, పిల్లలు చెప్పింది వినడం వేరు. ఈ భేదం ఉపాధ్యాయులమైన మనకు పనికివస్తుంది.

శిక్ష పడినా నిలవని కథ

జోకర్ 1940లో "బ్యాట్‌మన్" తొలి సంచికలో పుట్టాడు. ఆ సంచికలోనే చనిపోవలసినవాడు. ఇంత మంచి పాత్రను పోగొట్టుకోవడమెందుకని సంపాదకుడు బతికించాడు. 1975లో డీసీ సంస్థ ఆ జోకర్ పేరిటే ఒక పత్రికను ప్రారంభించింది. మొదటి సంచికను డెన్నీ ఓనీల్ రాశాడు. ప్రతినాయకుడే నాయకుడైన సూపర్‌హీరో కామిక్స్‌లో ఇది పేరెన్నిక గన్న తొలి ప్రయత్నం.

నియమావళి ప్రకారం ప్రతి సంచిక చివరా జోకర్ పట్టుబడవలసిందే. మరుసటి సంచికలో కథ నడవాలంటే మళ్లీ బయట తిరుగుతూ ఉండవలసిందే. బ్యాట్‌మన్‌తో పోరు లేదు. జోకర్ ఎక్కువగా తోటి దుర్మార్గులతో తలపడతాడు, మధ్యలో సామాన్యులను చంపుతాడు, నవ్విస్తాడు, పట్టుబడతాడు. శిక్ష ఉంది గాని ఆ శిక్షకు అర్థం లేదు. వాడు మారడు, పశ్చాత్తాపపడడు. చనిపోయినవారి గురించి ఎవరూ అడగరు. తొమ్మిది సంచికలతో 1976లో పత్రిక ఆగిపోయింది. పదవ సంచిక 2019లో గాని సంకలనంలో వెలుగు చూడలేదు.

గమనించండి. మన "సిద్ధమైన జవాబు"కు ఈ పత్రిక పూర్తిగా లోబడింది. అయినా చదివిన పిల్లవాడికి మిగిలేది జోకర్ చమత్కారం ఒక్కటే.

బాధితురాలిని మరువని కథ

1987లో అదే సంస్థ "సూయిసైడ్ స్క్వాడ్"ను కొత్త రూపంలో ప్రారంభించింది. రచయిత జాన్ ఆస్ట్రాండర్, తొలి చిత్రకారుడు లూక్ మెక్‌డనెల్. జైలులో ఉన్న దుర్మార్గులను ప్రభుత్వం ప్రాణాంతకమైన పనులకు పంపుతుంది. బతికి వస్తే శిక్ష తగ్గిస్తుంది. వారిని నడిపే అధికారిణి అమాండా వాలర్. ఇందులో పాత్రలు నిజంగా చనిపోతాయి. చేసిన పనికి ఫలితం ఉంటుంది. నేరస్థులను ఇలా వాడుకొనే ప్రభుత్వానిది ధర్మమేనా అన్న ప్రశ్న కథ పొడవునా వెంటాడుతుంది.

ఒక ముఖ్య విషయం చెప్పాలి. 1988లో వచ్చిన "ది కిల్లింగ్ జోక్" అనే బ్యాట్‌మన్ కథలో పోలీసు కమిషనరు కూతురు బార్బరా గోర్డన్‌ను జోకర్ కాల్చి అవిటిదాన్ని చేస్తాడు. ఆ కథకు కావలసింది తండ్రి వేదన, బ్యాట్‌మన్ క్రోధం. బార్బరా తరువాత ఏమైందో ఆ కథ పట్టించుకోదు. ఈ తీరు నచ్చని ఆస్ట్రాండర్, ఆయన భార్య, సహరచయిత్రి కిమ్ యేల్ ఆమెను తమ కథలోకి తెచ్చుకొన్నారు. చక్రాల కుర్చీలో కూర్చొని కంప్యూటరు సాయంతో పనిచేసే "ఒరాకిల్"గా ఆమె 1989 నాటి "సూయిసైడ్ స్క్వాడ్" సంచికలో తొలిసారి ప్రవేశించింది. అంటే, వీరుడి పుస్తకం వదిలేసిన బాధితురాలిని దుర్మార్గుల పుస్తకం చేరదీసింది! అట్ట మీద ఎవరున్నారన్నది చూసి పుస్తకాన్ని తూచలేమనడానికి ఇంతకంటె సాక్ష్యమేమి కావాలి?

శిక్షను కోరుకొన్న పాత్ర

1997లో మార్వెల్ సంస్థ "థండర్‌బోల్ట్స్"ను తెచ్చింది. రచయిత కర్ట్ బ్యూసిక్, చిత్రకారుడు మార్క్ బ్యాగ్లీ. పెద్ద వీరులంతా మరణించారని లోకం నమ్ముతున్న సమయంలో ఒక కొత్త వీరబృందం బయలుదేరుతుంది. తొలి సంచిక చివరి పుటలో అసలు రహస్యం తెలుస్తుంది: వారంతా మారువేషంలో ఉన్న పాత దుర్మార్గులు. జనం నమ్మకాన్ని సంపాదించి లోకాన్ని వశం చేసుకోవాలన్నది నాయకుడు జీమో పన్నాగం. కాని జనం కృతజ్ఞతతో చూసే చూపుకు కొందరి మనసు మారుతుంది. వేషంగా వేసుకొన్న మంచితనం వదలబుద్ధి కాదు. చివరకు వారే జీమోకు ఎదురు తిరుగుతారు.

అంతటితో లోకం క్షమించదు. హాకై అనే వీరుడు వారికి నాయకత్వం వహించడానికి ముందుకు వచ్చి ఒక షరతు పెడతాడు. పూర్వం హత్య చేసిన సభ్యుడు జైలుకు వెళ్లాలి. అతను వెళతాడు. జోకర్ ప్రతి సంచికలోనూ పట్టుబడ్డాడు, ఇతను ఒక్కసారి తనంతట తాను లొంగిపోయాడు. పిల్లవాడి మనసులో ఏది నిలుస్తుందో మీరే ఆలోచించండి.

మార్వెల్ 2001లో, డీసీ 2011లో ఆ నియమావళిని వదిలేశాయి. ఇప్పుడు ముద్ర చూసి ఊరుకొనే వీలు లేదు. తూకం వేయవలసింది మనమే.

మనకు కొత్త కాదు

జోకర్ పత్రిక ఆగిన మరుసటి ఏడాది, 1977 సంక్రాంతికి, "దానవీరశూరకర్ణ" విడుదలైంది. ఎన్.టి. రామారావు కృష్ణుడిగా, కర్ణుడిగా, దుర్యోధనుడిగా నటించాడు. జనం నోట మిగిలినవి ఎక్కువగా దుర్యోధనుడి మాటలే. వాటిని రాసినవాడు కొండవీటి వెంకటకవి. ఆ మాటలను పిల్లలు అప్పజెబితే మనం మురిసిపోయామే గాని భయపడలేదు. దుర్యోధనుడు ఎంత గంభీరంగా మాట్లాడినా భారతకథలో ద్రౌపదికి జరిగిన అవమానం చెరిగిపోదని మనకు తెలుసు. ఆ ధైర్యం కథ ఇచ్చినది.

అందుచేత, పుస్తకాన్ని తిరగేసేటప్పుడు శిక్ష పడిందా అని కాక, ఈ మూడు సంగతులు చూడండి. దెబ్బ తిన్నవారికి ఈ కథలో పేరు, ముఖం, మాట ఉన్నాయా? దుర్మార్గుడి ముందు నిజమైన ఎంపిక నిలిచిందా? చేసిన పని మరుసటి సంచికలో కూడా గుర్తుందా? ఉంటే చదవనివ్వండి. వయసు మాత్రం మరవకండి. "థండర్‌బోల్ట్స్" తొలి సంచికలు ఆరేడు తరగతుల పిల్లలకు సరిపోతాయి. "సూయిసైడ్ స్క్వాడ్" ఉన్నత పాఠశాల చివరి తరగతులకు ఉంచండి. "ది కిల్లింగ్ జోక్" బడి పిల్లలకు వద్దు.

చదివిన తరువాత ఆ కథను తెలుగులో చెప్పించండి. ఇంగ్లీషులో బ్యాట్‌మన్‌కూ జోకర్‌కూ సర్వనామం ఒక్కటే. తెలుగులో అలా కుదరదు. "వాడు" అనాలా, "అతను" అనాలా, "ఆయన" అనాలా? నోరు తెరిచిన మరుక్షణమే పిల్లవాడు ఆ మనిషికి ఒక విలువ కట్టక తప్పదు. అమాండా వాలర్ "ఆమె"యా, "ఆవిడ"యా? జైలుకు వెళ్లిన మనిషి ఏ సంచికలో "వాడు" నుండి "అతను" అయ్యాడు? "వాడు" అన్న మాట చులకనకూ వస్తుంది, చనువుకూ వస్తుంది. కనుక జోకర్‌ను "వాడు" అన్నప్పుడు ఏ ఉద్దేశంతో అన్నాడో అడగండి, జవాబు పూర్తయ్యేదాకా వినండి. ఆ పుస్తకం చదవదగినదా కాదా అన్నది మీకు ఆ జవాబులోనే తెలుస్తుంది. బడిలో తెలుగుకు వారానికి దొరికేవి రెండు మూడు గంటలే అయినా, అందులో ఒక అరగంటను దీనికి కేటాయించడం దండుగ కాదు.