నీంద్ ఇచ్చే గవాహీ

మా కుందుర్పి వైపు మనుషులు దిల్‌లోని గమ్‌ను నోరు తెరిచి చెప్పరు. శనగచెట్టు ఎండిపోయినా, బోరులో నీళ్లు అడుగంటినా, కొడుకు బెంగళూరుకు కూలికి పోయినా, అడిగితే 'ఖైరియత్' అంటారు. మరీ గుచ్చి అడిగితే ఒకే మాట: 'నీంద్ నై ఆరీ.' ఈ చిన్న మాట వెనక వెయ్యేళ్ల తారీఖ్ ఉంది.

యూనానీ హకీములు ఈ ఉదాసీ బీమారీని మాలిఖూలియా అన్నారు. బగ్దాద్ నుంచి ట్యునీసియాలోని కైరవాన్‌కు వెళ్లిన ఇస్‌హాఖ్ ఇబ్న్ ఇమ్రాన్ దీనిమీదే ఒక రిసాలా రాశాడు. 11వ శతాబ్దంలో అది లాటిన్‌లోకీ వెళ్లింది. సేహత్‌కు తప్పనిసరి అని యూనానీ చెప్పే ఆరింటిలో, అంటే అస్బాబె సిత్తా జరూరియాలో, నిద్రా మెలకువా ఒకటి. అందుకే హకీం సాబ్ నబ్జ్ చూస్తూనే నిద్ర గురించీ అడిగేవాడు.

1960లో ఇంగ్లండ్ డాక్టర్ మాక్స్ హామిల్టన్ డిప్రెషన్‌ను కొలవడానికి 17 అంశాల పట్టీ తయారు చేశాడు. అందులో మూడు నిద్రవే: పడుకోగానే నిద్ర పట్టకపోవడం, నడిరేయి మెలకువ రావడం, తెల్లవారకముందే లేచి మళ్లీ కన్ను మూతపడకపోవడం. 1976లో అమెరికా డాక్టర్ డేవిడ్ కుప్ఫర్ ఇంకో సంగతి చెప్పాడు. మామూలు మనిషికి నిద్రపట్టిన గంటన్నరకు కలల నిద్ర మొదలవుతుంది, డిప్రెషన్ ఉన్న చాలామందికి అంతకంటే ముందే వచ్చేస్తుంది. మెదడు మిషన్‌తోనే మర్జ్ దొరికిపోతుందని కొందరు ఆశపడ్డారు. కానీ ఆ గుర్తు వేరే జబ్బుల్లోనూ కనిపించింది. నిద్ర గవాహీ ఇస్తుంది, ఫైసలా మాత్రం చేయదు.

ఫైసలాకు మిషన్ కంటే మనిషి ముఖ్యమని మన పొరుగు జిల్లా బళ్లారి చూపింది. 1980లలో బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఊళ్లలో తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు మనసు జబ్బులు గుర్తుపట్టడం నేర్పారు. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదలైంది.

మన ఇళ్లలో రాత్రి మూడింటికి మేలుకున్న అబ్బాజాన్‌ను చూసి 'మాషా అల్లాహ్, తహజ్జుద్‌కు లేచారు' అనుకుంటాం. తహజ్జుద్‌కు లేచిన మనిషి ముఖంలో సుకూన్ ఉంటుంది. అప్పు లెక్కలు వేసుకుంటూ చాపమీద పొర్లే మనిషికి అది ఉండదు. కొందరైతే పగలంతా పడుకునే ఉంటారు. అదీ నిషానీయే. నిద్ర ఇలా చెడి, దానితోపాటు ఆకలి, ఆసక్తి తగ్గి, రెండు వారాలు దాటితే దాన్ని నజర్ అనో, బద్ధకం అనో తోసేయకండి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు ఉచితంగా మాట్లాడతారు.

ఇంట్లో పెద్దవాళ్లను 'బాధగా ఉందా' అని అడిగితే లేదంటారు. 'రాత్రి నీంద్ ఎలా పట్టింది?' అని అడిగి చూడండి. నిజం చెబుతారు.