డిగ్రీ కొలంబియాది, కుండ మాత్రం వేరు



పోయిన వారం నా పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేశాడు. ఇంగ్లండ్‌లో ఏడాది మాస్టర్స్ చేసి వచ్చాడు. అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి డబ్బులు కొన్ని, అప్పు కొంత. "సార్, ఇంటర్వ్యూకు పోతే 'ఏడాది కోర్సు మన రెండేళ్ల ఎంఏకు సమానం ఎట్లయితది' అంటున్రు. అదైనంక ఏ ఊరు, ఇంటిపేరేంది, నాయిన ఏం చేస్తడు అని అడుగుతున్రు" అన్నాడు.

మొదటి ప్రశ్నకు కాగితం ఉంది. బ్రిటన్ ఏడాది మాస్టర్స్‌ను గుర్తిస్తూ 2022 జులైలో రెండు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. పీహెచ్‌డీ సంగతికొస్తే, ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500లో ఉన్న విదేశీ యూనివర్సిటీ డాక్టరేట్ ఉంటే అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి నెట్ అక్కర్లేదని 2018 యూజీసీ నిబంధనలే చెప్తున్నాయి. రెండో ప్రశ్నకు మాత్రం ఏ నిబంధనల్లోనూ జవాబు లేదు. దానికోసం 1917 దాకా వెనక్కి పోవాలి.

విద్యానిధి పేరులో ఉన్న ఆ మనిషి 1913లో న్యూయార్క్ వెళ్లాడు. సయాజీరావు గైక్వాడ్ నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లు స్కాలర్‌షిప్ ఇచ్చాడు. బదులుగా తిరిగొచ్చాక పదేళ్లు బరోడా సంస్థానంలో పనిచేయాలని ఒప్పందం. 1915లో కొలంబియా ఎంఏ వచ్చింది. తర్వాత డాక్టరేట్ వ్యాసమూ రాశాడు, లండన్‌లో చదువు మొదలుపెట్టాడు. స్కాలర్‌షిప్ గడువు అయిపోవడంతో 1917లో ఆ చదువు సగంలో ఆపి తిరిగి రావాల్సి వచ్చింది.

బరోడా ప్రభుత్వానికి ఆయన డిగ్రీ మీద అనుమానం లేదు. ఉద్యోగం ఇచ్చింది. ఉండటానికి గది దొరకలేదు, అంతే. హిందూ హోటళ్లలో చోటు లేక పార్సీల సత్రంలో మారుపేరుతో దిగాడు. కొద్దిరోజులకే కర్రలు పట్టుకుని గుంపు వచ్చి సాయంత్రంలోగా ఖాళీ చేయమంది. ఒక హిందూ మిత్రుణ్ణి, ఒక క్రైస్తవ మిత్రుణ్ణి అడిగాడు. ఇద్దరూ మర్యాదగానే తప్పించుకున్నారు. రాత్రి రైలు దాకా పార్కులో కూర్చుని బొంబాయి వెళ్లిపోయాడు. ఇదంతా 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాసుకున్నాడు. ఆఫీసులో నౌకర్లు ఫైళ్లను బల్ల మీదికి విసిరేవారని ధనంజయ్ కీర్ జీవితచరిత్రలో ఉంది. ఆ నౌకర్లలో ఎంతమందికి కొలంబియా అంటే ఏమిటో తెలుసు? తెలియాల్సిన అవసరమే వాళ్లకు లేదు.

బొంబాయిలో వాటాలు, పెట్టుబడుల మీద సలహాలిచ్చే చిన్న వ్యాపారం పెట్టాడు. అర్థశాస్త్రంలో అంత చదివినవాడి దగ్గరికి ఖాతాదారులు వచ్చారు కూడా. కులం తెలిశాక రావడం మానేశారు. నేను క్లాసులో ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. అంటరానివాడు ముట్టుకుంటే నీళ్లు మైలపడతాయని నమ్మే సమాజం సరే, సలహా కూడా మైలపడుతుందా? షేర్ ధర పెరుగుతుందా తగ్గుతుందా అన్న లెక్కకు అంటు ఎక్కడిది?

1918 నవంబరులో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యాడు. పిల్లలు మొదట్లో పట్టించుకోలేదు గానీ, తర్వాత ఆ పాఠాలు వినడానికి వేరే కాలేజీల వాళ్లు కూడా వచ్చేవారు. అయితే స్టాఫ్ కోసం పెట్టిన కుండలోంచి ఆయన నీళ్లు తాగడానికి తోటి ప్రొఫెసర్లు కొందరు అభ్యంతరం చెప్పారు. వాళ్లంతా చదువుకున్నవాళ్లే. డిగ్రీ విలువ తెలిసినవాళ్లే.

జీతంలో మిగిల్చుకున్నది, షాహూ మహారాజ్ సాయం, మిత్రుడు నవల్ భథేనా ఇచ్చిన అప్పు కలిపి 1920లో మళ్లీ లండన్ వెళ్లాడు. 1921లో ఎంఎస్‌సీ, 1923లో డీఎస్‌సీ. గ్రేస్ ఇన్ నుంచి బారిస్టర్ కూడా. ఇక్కడ మన పరిశోధక విద్యార్థులు గమనించాల్సిన విషయం ఒకటుంది. కొలంబియా పీహెచ్‌డీ పట్టా అప్పటికీ చేతికి రాలేదు. వ్యాసాన్ని అచ్చు వేయించి ప్రతులు ఇస్తేనే పట్టా అని అక్కడి నియమం. అచ్చుకు డబ్బు కావాలి కదా. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవహారాల మీద రాసిన ఆ గ్రంథం 1925లో వచ్చింది, పట్టా 1927లో. దానికి ముందుమాట రాసింది కొలంబియాలో ఆయన గురువు సెలిగ్మన్. అంటే పట్టా రాకముందే గురువు ఆయన పాండిత్యానికి విలువ కట్టాడు. రూపాయి మీద లండన్‌లో రాసిన వ్యాసం 1923లోనే పుస్తకమైంది. కరెన్సీ మీద వేసిన రాయల్ కమిషన్ ముందు ఆయన సాక్ష్యమిచ్చాడు.

అదే కాలంలో బొంబాయి హైకోర్టులో సొలిసిటర్లు ఈ బారిస్టర్‌కు కేసులివ్వడానికి వెనకాడారు. ఇల్లు గడవడానికి 1925 నుంచి 1928 దాకా బాట్లీబాయ్ అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో పార్ట్‌టైమ్‌గా వాణిజ్య చట్టం పాఠాలు చెప్పాడు. రెండు డాక్టరేట్లున్న గెస్ట్ ఫ్యాకల్టీ అన్నమాట! గెస్ట్ ఫ్యాకల్టీగా ఏళ్లకేళ్లు గడిపిన మావాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

గౌరవ డాక్టరేట్లు తర్వాతెప్పుడో వచ్చాయి. 1952లో కొలంబియా ఇచ్చింది, 1953లో మన ఉస్మానియా. అప్పటికి రాజ్యాంగం రాయడం కూడా అయిపోయింది.

ఇంకో మాట. కేంద్రం ఎస్సీల కోసం నడిపే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో ఏడాదికి 125 సీట్లు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, సామాజిక అధ్యయనాలు అంశంగా తీసుకునేవాళ్లకు ఆ స్కాలర్‌షిప్ ఉండదని 2022లో నిబంధన పెట్టారు. మన దేశం గురించి చదవడానికి విదేశం ఎందుకని వాదన. 1916 మేలో కొలంబియాలో గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో అంబేడ్కర్ చదివిన పత్రం దేని మీదో తెలుసు కదా? భారతదేశంలో కులాల మీద. ఈ నిబంధన ప్రకారం ఆ అంశంతో ఆయన దరఖాస్తు చేస్తే తిరస్కరించేవారు.

మా పిల్లవాడికి ఆ ఒప్పందం కాపీ పంపాను, దరఖాస్తుకు జత చేయమన్నాను. చేస్తానన్నాడు. "ఇంటిపేరు అడిగితే ఏం చెప్పాలె సార్?" అన్నాడు. ఉన్నదే చెప్పమన్నాను. సోమవారం హైదరాబాద్‌లో ఇంకో ఇంటర్వ్యూ ఉందట.