విద్యుత్ అంతరాయాల వేళ ఇంటికి ప్రత్యామ్నాయం: ఎంపికలో పరిశీలించవలసిన అంశాలు

హిందూపురం: వేసవిలో లోడు పెరిగినప్పుడు, ఈదురుగాలులతో వర్షం కురిసినప్పుడు, లైన్ల మరమ్మతులు చేపట్టినప్పుడు విద్యుత్ సరఫరాలో అంతరాయం కలగడం శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాసులకు అనుభవమే. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే సైతం ప్రకటించవలసి వచ్చింది. ఇన్వర్టర్, జనరేటర్, సౌర ఫలకాలలో దేనిని ఎంచుకోవాలన్నది కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఏది ఆగకూడదన్న అంశాన్ని బట్టి నిర్ణయించుకోవలసి ఉంటుంది. ధర ఆ తరువాతి మాట.

అవసరాన్ని బట్టి ఎంపిక

ధర్మవరంలో గుంట మగ్గంపై పట్టుచీర నేసే కుటుంబానికి మోటారు అవసరం లేదు. పోగుల రంగు తేడా తెలిసేంత వెలుతురు, ఒక ఫ్యాను చాలు. చిన్న ఇన్వర్టర్ సరిపోతుంది. పెనుకొండ పరిసర పరిశ్రమలలో రాత్రి షిఫ్టు ముగించుకొని పగలు నిద్రించేవారికి ఫ్యాను ముఖ్యం. హిందూపురంలో మోటారుతో నీటిని పైట్యాంకుకు ఎక్కించుకునే ఇళ్లలో, మోటారును ఇన్వర్టర్‌పై నడపడానికి బదులు సరఫరా ఉన్న వేళ ట్యాంకు నింపుకోవడం మేలు. మోటారు మొదలయ్యే క్షణంలో సాధారణ లోడుకు అనేక రెట్ల కరెంటును తీసుకుంటుంది.

రెండు అంకెలు, రెండు అర్థాలు

ఇన్వర్టర్‌పై ఉండే వీఏ అంకె ఒకేసారి ఎన్ని పరికరాలు నడపవచ్చో తెలుపుతుంది. బ్యాటరీపై ఉండే ఏహెచ్ అంకె ఎంతసేపు నడపవచ్చో తెలుపుతుంది. ఉదాహరణకు 12 వోల్టుల, 150 ఏహెచ్ బ్యాటరీలో 1,800 వాట్ అవర్లు నిల్వ ఉంటాయి. నష్టాలు పోను సుమారు 1,200 వినియోగానికి వస్తాయని లెక్కించుకోవచ్చు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు నాలుగు, 75 వాట్ల ఫ్యాన్లు రెండు, 60 వాట్ల టీవీ కలిపి 246 వాట్లు. ఇవి దాదాపు 5 గంటలు నడుస్తాయి. అదే ఫ్యాన్లు 30 వాట్ల బీఎల్‌డీసీ రకమైతే ఆ బ్యాటరీయే 7 గంటలకు పైగా వస్తుంది. కావున పెద్ద బ్యాటరీ కొనే ముందు ఫ్యాన్లు మార్చడం లాభదాయకమేమో చూసుకోవాలి.

సౌర విద్యుత్‌పై అపోహ

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి పైకప్పు సౌర ఫలకాలకు 1 కిలోవాట్‌కు రూ.30,000, 2 కిలోవాట్లకు రూ.60,000, 3 కిలోవాట్లు, ఆపైన గరిష్ఠంగా రూ.78,000 కేంద్ర రాయితీగా నిర్ణయించారు. అయితే గ్రిడ్‌కు మాత్రమే అనుసంధానమైన సౌర వ్యవస్థ, సరఫరా ఆగిన వెంటనే ఎంత ఎండ ఉన్నా తానూ ఆగిపోతుంది. లైన్లపై పనిచేసే సిబ్బంది భద్రత కోసమే ఈ ఏర్పాటు. ఇటువంటి వ్యవస్థ బిల్లు తగ్గిస్తుందే గాని చీకటిని ఆపదు. అంతరాయ సమయంలోనూ విద్యుత్ కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్‌ను, బ్యాటరీని జతచేసుకొని, ఆ ఖర్చును ముందే లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

భద్రతా జాగ్రత్తలు

జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. దానిని ఇంటి లోపల గాని, కిటికీ పక్కన గాని నడపరాదు. జనరేటర్‌ను ప్లగ్ సాకెట్ ద్వారా ఇంటి వైరింగుకు కలిపితే, విద్యుత్ వెనుకకు ప్రవహించి ట్రాన్స్‌ఫార్మర్ మీదుగా 11 కేవీ లైనుకు చేరుతుంది. సరఫరా లేదని నమ్మి స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణాలకు అది ముప్పు. చేంజోవర్ స్విచ్ తప్పనిసరి. దానిని అర్హత గల ఎలక్ట్రీషియన్ చేత అమర్చుకోవాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీని గాలి వచ్చే చోట ఉంచి, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీలను ఇతర చెత్తలో కలపరాదు.

ఈ మూడు పట్టణాలు 2014 జూన్ నుంచి తిరుపతి కేంద్రంగా గల ఏపీఎస్పీడీసీఎల్ పరిధిలో ఉన్నాయి. తరచూ అంతరాయం కలిగితే వినియోగదారులు 1912 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నదని ఫిర్యాదు మానుకుంటే లైనులోని లోపం అలాగే మిగిలిపోతుంది.