ఆచారాన్ని ఆపింది నిషేధమా, ఆడవాళ్లా?



ఆడపిల్లల జననాంగాన్ని కోసే ఆచారం గురించి మాట్లాడాలంటే ఇబ్బందిగానే ఉంటుంది. కానీ "మీది అనాగరికం" అని బయటోళ్లు, "మా ఆచారం జోలికి రావద్దు" అని లోపలి పెద్దలు అంటుంటే మధ్యలో నలిగేదెవరో మనకి తెలుసు. అందుకే ఆఫ్రికాలో జరిగిన ఈ రెండు సంగతులు మనం చదవాలి.

మొదటిది కెన్యా. 1929లో అక్కడి మిషన్లు ఈ ఆచారాన్ని వదిలేస్తామని కికుయు విశ్వాసులతో ప్రమాణం చేయించబోయాయి. అప్పటికే తెల్లోళ్లు వాళ్ల భూములు లాక్కున్నారు. ఇప్పుడు మా ఒంటి మీదకీ వచ్చారా అని జనం తిరగబడ్డారు. చాలామంది మిషన్ బడులు వదిలేసి సొంత బడులు పెట్టుకున్నారు. దాంతో కోత ఆత్మగౌరవానికి గుర్తయిపోయింది.

1956లో మేరు ప్రాంతంలో న్జూరి న్చెకె అనే పెద్దల సభ, బ్రిటిష్ అధికారుల అండతో, కోతను నిషేధించింది. సభలో ఉన్నదంతా మగవాళ్లే. అక్కడ కోత జరగకపోతే ఆడపిల్ల పెద్దదైనట్టు లెక్క కాదు, పెళ్లి కాదు. అందుకే అమ్మాయిలు తామే బ్లేళ్లు పట్టుకున్నారు. వాళ్లని "న్గాయిటానా" అన్నారు, అంటే "నన్ను నేనే కోసుకుంటా" అని. మూడేళ్లలో 2,400 మందికి పైగా కేసులు పడ్డాయి.

రెండోది సెనెగల్. మలికుండా బంబారా అనే ఊళ్లో ఆడవాళ్లు టోస్టాన్ సంస్థ నడిపే తరగతుల్లో సొంత భాషలోనే ఆరోగ్యం, హక్కుల గురించి నేర్చుకున్నారు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్లు, కాన్పు కష్టాలు వాళ్లకి తెలియనివి కావు. వాటి వెనక కోత ఉందని అప్పుడు బయటికి మాట్లాడుకున్నారు. 1997 జూలై 31న, విలేఖరుల ముందు, ఇక మా ఊళ్లో కోయం అని ప్రకటించారు. చుట్టుపక్కల ఊళ్లు వాళ్లని తిట్టిపోశాయి కూడా.

అప్పుడు కేర్ సింబారా ఊరి ఇమాం డెంబా దియావరా ఒక మాట పట్టుకున్నాడు: మనం పిల్లనిచ్చి పుచ్చుకునే ఊళ్లన్నీ ఒప్పుకోకపోతే ఒక్క ఊరు మానలేదు. చుట్టాల ఊళ్లకి కాలినడకన తిరిగి మాట్లాడాడు. 1998 ఫిబ్రవరిలో 13 ఊళ్లు కలిసి దియాబుగులో ప్రకటన చేశాయి. దేశంలో చట్టం వచ్చింది ఆ తర్వాతే, 1999లో.

చట్టం అక్కర్లేదని మేం అనడం లేదు. సెనెగల్‌లో కూడా కోత పూర్తిగా ఆగలేదు. యూనిసెఫ్ 2024 లెక్క ప్రకారం ప్రపంచంలో 23 కోట్ల మందికి పైగా ఆడవాళ్లు, ఆడపిల్లలు ఈ కోత బాధితులే. అయితే ఎవరి ఒంటి మీద ఆచారం నడుస్తుందో వాళ్లు మాట్లాడినప్పుడే అది కదిలింది.

మన గూడేల్లో చిన్న వయసు పెళ్లిళ్ల మీద పంచాయితీ పెడితే, అక్కడ మన అక్కచెల్లెళ్లు ఎంతమంది కూర్చుంటున్నారు? ముందు ఆ లెక్క చూద్దాం.